పాదాల ఫైళ్లు

పాదాల్లో తేడా ఉన్నవాళ్లకి అక్క బూట్లు చేస్తుంది. తమ్ముడు ఆ పాదాలను స్కాన్ చేసి కంప్యూటర్లో భద్రం చేస్తాడు. ఇద్దరిదీ ఒకటే గది. ఆమె వైపు తోలు వాసన, ఇతని వైపు ఫ్యాను హోరు.

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేశాక, పాత ఫైళ్లను కుదించి దాచే ప్రోగ్రాం మొరాయించింది. తమ్ముడు ఆ రోజే ఇంకోటి దించాడు.

"చూడక్కా, సగానికి సగం తగ్గించేస్తోంది!"

"తగ్గించడం సరే. విప్పితే ఉన్నదున్నట్టు వస్తుందా?"

"రాకేం? లోకమంతా ఇదే వాడుతోంది."

"లోకం బూట్లు మనం కుట్టట్లేదు కదరా. నా లాప్‌టాప్‌లో ఒకటి విప్పి చూపించు."

అతను మూతి ముడుచుకుని, వాళ్ల దగ్గర బూట్లు చేయించుకునే సంగీతం మాస్టారి స్కాన్లు కుదించి కట్టిన కట్ట విప్పాడు. పాదాలు బాగానే వచ్చాయి. తెలుగులో పెట్టిన పేర్ల స్థానంలో మాత్రం వరసగా ఖాళీ డబ్బాలు. తన కంప్యూటర్లో విప్పినా అదే తంతు. మాస్టారి కాలి ఆపరేషన్‌కి ముందు తీసినవేవో, తర్వాత తీసినవేవో తేలలేదు.

"ఫైళ్లయితే పోలేదుగా," అని నసిగాడు.

"అసలువి ఉన్నాయా?"

అతను తల అడ్డంగా ఊపాడు. పోయినేడాది అందరివీ పొద్దున్నే ఆ ప్రోగ్రాంతో ఒకే కట్టగా కుదించి, చోటు కలిసొస్తుందని అసలువి తీసేశాడు.

అక్క అరవలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. మడమలు, వేళ్ల వంపులు చూసి చాలామందిని పోల్చింది. కొందరి దగ్గర పొరబడింది కూడా. తేలనివాళ్లకి తమ్ముడే ఫోన్లు చేసి, మళ్లీ కొలతలకి రమ్మని బతిమాలాడు. రిటైరైన రైలు డ్రైవరు వచ్చి, మేజోడు విప్పుతూనే చీవాట్లు మొదలుపెట్టాడు. మేజోడు తొడుక్కునేదాకా ఆపలేదు. తమ్ముడు తల ఎత్తకుండా స్కాన్ చేశాడు.

ఆ తర్వాత అతను ఇలా కుదించే ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటే పరీక్షించాడు. ఒకటి పేర్లు నిలిపింది కానీ, పరీక్ష కోసం అతను కావాలని పాడుచేసిన కట్టను కూడా "అంతా బాగుంది" అంటూ విప్పేసింది. చివరికి దొరికింది నత్తనడకది, కుదించేది కూడా అంతంతమాత్రమే. అయితే తెలుగు పేర్లు చెక్కుచెదరలేదు, రెండు కంప్యూటర్లలోనూ తెరుచుకుంది, పాడైన కట్టను విప్పనని మొండికేసింది.

"ఇదే ఉంచేద్దామా?" అని అడిగాడు.

"చోటు చాలుతుందా?"

"చాలదు. ఇంకో డిస్కు కొనాలి."

"కొను," అంటూ ఆమె తోలు కత్తిరించడానికి లేచింది.

అతను కొత్త కట్ట కట్టి, ఆమె లాప్‌టాప్‌లో విప్పి, ఒక్కో పేరూ పైకి చదివాడు. అసలువి ఈసారి తీసెయ్యలేదు.