భుజాల కొలత

"కాలర్ దగ్గర ఇంకోసారి పోనీ, ముడత అట్లాగే ఉంది," అంది అత్తగారు జీజా, కుర్చీలోంచి కదలకుండానే. జోసెట్ ఇస్త్రీపెట్టెని ఇంకోసారి పోనిచ్చింది. ఇది పద్దెనిమిదో అంగీ. ఇంకా పద్నాలుగున్నాయి. పండగనాడు ఊరి చర్చిలోంచి సెయింట్ మార్గరీటా విగ్రహాన్ని భుజాల మీద ఊరేగించే ముప్పై రెండుమంది మగవాళ్లు తొడుక్కునే తెల్లటి పొడుగు అంగీలవి. మోయించుకునేది ఆడమనిషే అయినా మోసేవాళ్లలో ఆడది ఉండకూడదు. ఆ అంగీలు ఉతికి ఇస్త్రీ చేసేవాళ్లలో మాత్రం మగవాడు ఉండడు. పండగ జరిపించే బ్యాండ్ క్లబ్బు కార్యదర్శి భార్యే ఈ పని చేయాలని ఏ కాగితం మీదా రాసిలేదు. మొగుడు కార్యదర్శిగా ఉన్నన్నాళ్లూ జీజా చేసింది. ఆ పదవి కొడుకు సిల్వియోకి వచ్చిన ఏడాదే ఆవిడకి నడుంనొప్పి కూడా వచ్చింది.

జోసెట్ చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. అందులోంచి ఫోన్లో రికార్డు చేసుకున్న తన గొంతే తనకి వినబడుతోంది: "ఈ ప్రోగ్రాం ముందుగా భుజాల ఎత్తును బట్టి మనుషుల్ని జతలు చేస్తుంది, ఆ తర్వాత..." ఈ రోజు సోమవారం. గురువారం నాలుగింటికి డిగ్రీ వైవా. నిలబడ్డచోట కాలు నిలవడం లేదు. పండగ ఇంకా పదిరోజులుండగానే ఊళ్లో పొద్దున్న ఎనిమిదింటినుంచీ టపాసులు పేలుస్తున్నారు. పేలినప్పుడల్లా కిటికీ అద్దాలు అదురుతున్నాయి, చెప్పాల్సిన జవాబు సగంలో తెగిపోతోంది, మళ్లీ మొదటికి వెళ్లి వినాల్సొస్తోంది. "చెవిలో ఆ పుల్ల తీసెయ్యరాదూ, మనిషి మాట్లాడుతుంటే," అంది జీజా. జోసెట్ తియ్యలేదు, ఇంకో అంగీ అందుకుంది.

ఇరవై రెండేళ్ల కిందట ఆమె కంప్యూటర్లలో రెండేళ్ల డిప్లొమా చేసింది. ఇంకో ఏడాది చదివితే డిగ్రీ. ఆ ఏడాది కోసం అప్పట్లో మాల్టా వదిలి ఇంగ్లండు వెళ్లాలి. "పెళ్లి కుదిరిన పిల్ల ఇంగ్లండెళ్లి ఏం చేస్తుందే," అన్నాడు తండ్రి, అంతటితో ఆ మాట ముగిసింది. పెళ్లయింది, కూతురు పుట్టింది, మామగారు మంచంపట్టారు, మామగారు పోయారు. ఆ మూడో ఏడు మాత్రం పళ్ల సందున ఇరుక్కున్న పీచులా ఎప్పుడూ తగులుతూనే ఉండేది. నిరుడు పట్నంలో ఒక కాలేజీ టాప్-అప్ కోర్సు మొదలుపెట్టింది. పాత డిప్లొమా ఉన్నవాళ్లు ఒక పరీక్ష రాసి చేరొచ్చు, సాయంత్రాలు క్లాసులు, ఏడాది తిరిగేసరికి కంప్యూటర్ సైన్స్ డిగ్రీ. చేరుతున్నానని ఆదివారం భోజనాల దగ్గర చెప్పింది. "టాప్-అప్ అంటే ఫోన్లో వేయించుకునేదే కదా వదినా, ఎన్నిరోజులొస్తుందీ?" అన్నాడు మరిది. అందరూ నవ్వారు. జోసెట్ కూడా నవ్వేసి మకరోని పళ్లెం అతనివైపు జరిపింది. ఎందుకు నవ్విందో ఆమెకి ఇప్పటికీ అర్థం కాదు.

"చదువుకో, నేనొద్దన్నానా? ఇంట్లో ఏదీ ఆగకుండా చూసుకో, చాలు," అన్నాడు సిల్వియో. ఏదీ ఆగలేదు. మధ్యాహ్నం భోజనం విరామంలో కారులో కూర్చుని పాఠాలు విన్నది. కుందేలు మాంసం ఉడుకుతుండగా స్టవ్ పక్కన నిలబడి కోడ్ రాసింది. ఆఫీసులో సంగతి కోర్సులో చేరకముందునుంచీ ఇంకోలాంటిది. ఆమె చేతికింద పని నేర్చుకున్న ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు ఆమెకి పైఅధికారులయ్యారు. "డిగ్రీ ఒక్కటుంటే నిన్నే వేసేవాళ్లం జోసీ," అని మూడుసార్లూ అదే మాట, అదే జాలిమొహం. మూడోసారి మాత్రం ఆమెకి జాలిమొహం మీద చేతిలో ఉన్న కాఫీ పోయాలనిపించింది. పొయ్యలేదు. ఆ మధ్యాహ్నమే కోర్సు గురించి కాలేజీకి ఫోన్ చేసింది.

కోర్సులో చివరిది ప్రాజెక్టు. నిజంగా ఎవరికైనా పనికొచ్చేది తయారుచేయాలి, మొత్తం ఒక్క విద్యార్థే చేయాలి, వాడుకున్నవాళ్లు ఉత్తరం రాసివ్వాలి, వైవాకి వచ్చి పది నిమిషాలు మాట్లాడాలి. జోసెట్ విగ్రహం మోసేవాళ్ల వరుసల్ని ఎంచుకుంది. ఒక్కో విడతకి ఎనిమిదిమంది మోస్తారు. భుజాలు ఎత్తుపల్లాలుగా ఉంటే విగ్రహం ఒరుగుతుంది, బరువంతా పొట్టివాడి మీద పడుతుంది. ముందు చోటు గౌరవం, ఆ చోటు కోసం ప్రతి ఏడూ క్లబ్బులో చొక్కాలు పట్టుకునేవాళ్లు. మామగారి కాలంలో ఇదంతా ఒక పాత నోటుబుక్కులో జరిగేది, తలప్రాణం తోకకొచ్చేది. మార్చి నెలలో ఓ ఆదివారం చర్చిలో పూజ అయ్యాక జోసెట్ క్లబ్బు గుమ్మం దగ్గర కుట్టుపని సుద్దముక్క, టేపు పట్టుకుని నిలబడి ముప్పై రెండుమంది భుజాలు కొలిచింది. కొలిచే ముందు బూట్లు విప్పించింది. ముందు చోటు ఆశతో ఆరుగురు లోపల అట్టలు పెట్టుకొచ్చారు మరి. ఎవరికి ఏ భుజం నొప్పి, ఎవరెవరికి గోడ తగాదా వచ్చి మాటల్లేవు, అవన్నీ ఆమెకి తెలుసు. అవి కూడా లెక్కలోకి తీసుకునేటట్టు ప్రోగ్రాం రాసింది. ఏప్రిల్లో రిహార్సల్ జరిగితే విగ్రహం ఒక్క వేలు కూడా ఒరగలేదు. ఎవరూ కొట్టుకోలేదు, కంప్యూటర్ చెప్పిందన్నాక ఇంకేం మాట్లాడతారు. ఆ రోజు మూలన నిలబడి చూస్తున్న జోసెట్‌కి కళ్లు చెమర్చాయి. తను రాసిన వాక్యాలు మనుషుల భుజాల మీద నడుచుకుంటూ వెళ్లిపోతున్నాయి.

ఇరవయ్యో అంగీ మడతపెడుతుండగా సిల్వియో వచ్చాడు, చంకలో పండగ పుస్తకాల కట్ట. ప్రెస్సునుంచి ఇప్పుడే తెచ్చాడట. జీజా ఒకటి తీసుకుని కళ్లజోడు పెట్టుకుంది, పేజీలు తిప్పింది, గట్టిగా చదివింది: "విగ్రహం మోసేవారి వరుసల కోసం స్వయంగా కంప్యూటర్ ప్రోగ్రాం రూపొందించిన మన కార్యదర్శి సిల్వియో గారికి క్లబ్బు కృతజ్ఞతలు. ఇస్త్రీ, కాఫీ ఏర్పాట్లలో సహకరించిన మహిళలకు కూడా." చదివి కొడుకు వైపు చూసి, "మీ నాన్నుంటే ఎంత సంతోషించేవాడో," అంది. అని కళ్లు తుడుచుకుంది.

"ఇది ఎవరు రాశారు?" అంది జోసెట్.

"ప్రెసిడెంటు. నేనేం అడగలేదు. రిహార్సల్ రోజు అందరూ వచ్చి భుజం తడుతుంటే నేను మాత్రం ఏం చెప్పను?"

"నా భార్య చేసిందని చెప్పాలి."

"చెబుదామనే అనుకున్నా. మాట మధ్యలో మాట వచ్చింది." పుస్తకాల కట్ట బల్ల మీద పెట్టి, "అయినా భార్యాభర్తలమే కదా, నీదీ నాదీ అని గీత గీసుకుంటామా," అన్నాడు. ఆమె పెట్టిన మకరోని చల్లారకముందే తిని క్లబ్బుకి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు ఒక పుస్తకాన్ని ఫోన్‌తో స్కాన్ చేసి నెట్‌లో క్లబ్బు పేజీలో పెట్టాడు కూడా.

మంగళవారం మధ్యాహ్నం లెక్చరర్ డెబొరా దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ప్రాజెక్టు నిజంగా వాడుకలో ఉందని చూపడానికి జోసెట్టే ఆ పేజీ లింకు ఇచ్చి ఉంది. "మీ క్లబ్బు పేజీలో ఈ ప్రోగ్రాం వేరొకరు రూపొందించారని ఉంది. గురువారం ఇది తేలాలి. తేలకపోతే ప్రాజెక్టు లెక్కలోకి రాదు, ఏడాది మొత్తం మళ్లీ చదవాలి." మర్యాదగానే ఉంది. జోసెట్ ఆఫీసు బాత్రూంలోకి వెళ్లి తలుపు గడియపెట్టుకుని మూడుసార్లు చదివింది. ఏడాది మొత్తం మళ్లీ. ఇంకో ఏడాది ఆదివారం భోజనాలు, ఇంకో ఏడాది "ఇంకా అవలేదా?" అనే మొహాలు, నాలుగో పైఅధికారి. పళ్లు తోముకుంటూ, కూరలు తరుగుతూ, కారులో ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడల్లా పోగుచేసుకున్న ఏడాది అది.

సిల్వియో చెడ్డవాడు కాదు. చిక్కంతా అక్కడే ఉంది. వానరోజున క్లాసుకి దింపాడు, ఫీజు కట్టేటప్పుడు మొహం చిట్లించలేదు. మెయిల్ చూపిస్తే అతనికీ కంగారు పుట్టింది. బుధవారం సాయంత్రం వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, ఏప్రిల్లో ఆమె రాసిమ్మని ఇచ్చిన దగ్గర్నుంచీ సొరుగులో పడి ఉన్న ఉత్తరం కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. రాసి, పెద్ద మేలు చేస్తున్నవాడిలా ఆమె ముందు పెట్టాడు. "ఈ ప్రోగ్రాంను నేనూ నా భార్యా కలిసి తయారుచేశామని ధ్రువీకరిస్తున్నాను."

"కలిసి కాదు, సిల్వియో. ఇద్దరం చేశామంటే నేను ఫెయిలు."

"మరి నేనసలేం చెయ్యలేదని రాస్తే? పుస్తకం ఊరంతా పంచేశాం. రేపు అది బయటికొస్తే మనతో పోటీపడే ఎదుటి క్లబ్బువాళ్లు నన్ను బతకనిస్తారా? పదేళ్లపాటు పాట కట్టి పాడతారు."

"నువ్వు ఏం చేశావో అది రాయి."

"పేర్లు ఎవరిచ్చారు? క్లబ్బు తాళం ఎవరు తెచ్చారు? గుమ్మం ఎవరిది?"

"వాడు సగం నీకిస్తుంటే వద్దంటావేం పిల్లా," అంది జీజా పక్కగదిలోంచి. "నా జన్మలో నాకెవరూ సగం ఇవ్వలేదు."

ఆ మాటతో జోసెట్‌కి అత్తగారి మీద కోపం ఎటో పోయి ఇంకేదో బరువు వచ్చి కూర్చుంది. నలభై ఏళ్లు ఇస్త్రీ చేసిన మనిషి. ఆ పండగ పుస్తకాల్లో ఒక్కదాన్లో కూడా ఆవిడ పేరు ఉండి ఉండదు. జోసెట్ డాబా మీదకెళ్లింది, బట్టలు తీసింది, మళ్లీ కిందికొచ్చింది, ఎందుకొచ్చిందో మర్చిపోయి మళ్లీ పైకెళ్లింది. కూతురు "ఏమైందమ్మా?" అనడిగితే "ఏం లేదు, చదువుకో," అంది. అన్నాక తన మీద తనకే చిరాకేసింది. ఏం లేదా? ఉన్నదంతా పోయేటట్టుంటే ఏం లేదా? ఉత్తరం చించేద్దామా అనుకుంది. చించితే ఉత్తరం లేదంటారు. ఇస్తే ఇద్దరంటారు. చివరికి అట్లాగే మడిచి సంచిలో పెట్టుకుంది.

గురువారం నాలుగింటికి సిల్వియో తన మంచి కోటు వేసుకుని వచ్చాడు. గదిలో డెబొరా, ఇంగ్లండునుంచి వచ్చిన తెల్లజుట్టు పరీక్షకుడు. సిల్వియో ఇద్దరికీ చేతులు కలిపాడు. "మా ఆవిడ చాలా కష్టపడుతుందండీ," అన్నాడు నవ్వుతూ. పరీక్షకుడు ఉత్తరం చదివాడు, డెబొరాకి ఇచ్చాడు.

"కలిసి చేశారన్నమాట," అన్నాడు పరీక్షకుడు సిల్వియోతో. "అయితే మిమ్మల్నే అడుగుతా. ముందు చోటులో ఉండాల్సిన మనిషి చివరి నిమిషంలో రాలేదనుకోండి. ఏం చేస్తుంది ప్రోగ్రాం?"

"ఎవరో ఒకర్ని పిలుస్తామండీ. ఊళ్లో మనుషులకేం తక్కువ," అన్నాడు సిల్వియో.

"మీరు కాదు, ప్రోగ్రాం ఏం చేస్తుంది?"

సిల్వియో తల తిప్పి జోసెట్ వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి కొత్తది కాదు. నొప్పి ఎన్నాళ్లనుంచీ అని డాక్టరు అతన్ని అడిగితే అట్లాగే చూస్తాడు, ఆమె చెబుతుంది. అమ్మాయి ఏ క్లాసంటే చూస్తాడు, చెబుతుంది. వాళ్లమ్మకి ఏ మాత్రలు పడవంటే, ఇంటి బీమా కాగితాలెక్కడంటే, తన చొక్కా కొలతెంతంటే కూడా. అడిగింది తననే అయినా జవాబు ఆమె నోట్లో ఉంటుందని అతని ధీమా. ఇప్పుడు కూడా ఉంది. ఒక్కరు తప్పుకుంటే ఒక్కరినే మార్చకూడదు, ఆ వైపు నలుగుర్నీ సర్దాలి, దానికామె మూడువారాలు తన్నుకులాడింది. రెండు ముక్కల్లో చెప్పేస్తే అతని మొహం తేటపడుతుంది, గదిలో అందరూ ఊపిరి పీల్చుకుంటారు, ఇద్దరూ కలిసే చేశారని రుజువైపోతుంది. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. జోసెట్ పెదాలు బిగించి కూర్చుంది.

"జోసీ," అన్నాడతను మెల్లగా.

"అడిగింది నిన్ను," అంది.

ఫ్యాను తిరుగుతోంది. సిల్వియో కోటు గుండీ తీశాడు, మళ్లీ పెట్టాడు. ఉత్తరం వైపు చూశాడు. పాపం, అనిపించింది జోసెట్‌కి. నిజంగానే అనిపించింది. అయినా మాట్లాడలేదు. ఇరవై ఏళ్లలో ఇంత కష్టమైన పని ఆమె ఎప్పుడూ చేయలేదు.

"నాకు తెలీదండీ," అన్నాడు చివరికి. "పేర్లు ఇచ్చాను. గది తాళం తీశాను. మిగతాదంతా తనే. నాకు దాన్ని తెరవడం కూడా రాదు."

పరీక్షకుడు తెల్లకాగితం, కలం అతని ముందుకి జరిపాడు. "అదే రాసి సంతకం పెట్టండి." సిల్వియో వంగి రాశాడు. చెవులు ఎర్రబడ్డాయి. రాసి ఇచ్చాక గట్టిగా ఊపిరి వదిలి, బరువు దిగినవాడిలా కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకున్నాడు. పెళ్లాం ఎట్లా చెబుతుందో చూసి కాస్త గర్వపడి వెళదామని కాబోలు.

"ఇప్పుడు చెప్పండి, జోసెట్," అంది డెబొరా.

జోసెట్ లేచి ల్యాప్‌టాప్ తెరిచింది. తెరిచి, భర్త వైపు తిరిగింది.

"వెళ్లేటప్పుడు తలుపు దగ్గరకి వేసి వెళ్లు, సిల్వియో," అంది. "ఇది ఒక్కరి పరీక్ష."