మూత తీయని సీసా

ఒక్క నిమిషం ఆగండి, ఆ చప్పుడు వినండి. టక్. మామిడికాయ తొడిమ విరిచి, సొన కారిపోయేలా కాయను బోర్లా పెట్టడం. నూజివీడు శివారు షెడ్డులో కృపావతి ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని అదే. సొన కాల్చిన మచ్చలు మోచేతుల దాకా ఉన్నాయి. ఆ చేతులతోనే ఆదివారం సాయంత్రాలు చర్చిలో జబ్బుపడ్డవాళ్ల నుదుట నూనె రాసి ప్రార్థన చేస్తుంది. "దేవుడు చెప్పాడు" అని ఆమె అంటే పేటంతా నమ్ముతుంది. ఆ మాట ఇప్పటికి రెండుసార్లే అంది మరి!

ఎన్నికలు ఇంకో ఎనిమిది రోజులు. ఈ సాయంత్రం అభ్యర్థి కృష్ణకాంత్ చర్చికి వస్తున్నాడు.

"ఏమే కృపా, ఇవాళ ఎమ్మెల్యేని చేసేస్తున్నావంటగా!" అంది పక్కన కాయలేరుతున్న అచ్చమ్మ. "నా మోకాళ్లకీ ఓ చుక్క పొయ్యవే."

"నీ మోకాళ్లకైతే దేవుణ్ణి అడగక్కర్లేదులే."

నవ్వింది గానీ, మనసు మనసులో లేదు. కృష్ణకాంత్ తలమీద నూనె పోసి, "దేవుడు ఈయన్నే ఎన్నుకున్నాడు, నాకు చూపించాడు" అనమన్నారు పాస్టరుగారు పోయిన ఆదివారం. గెలిస్తే సమాధులకి మెరక స్థలం ఇస్తాడట. ఆమె భర్త ఏసోబుని కాలవగట్టున పూడ్చారు. ప్రతి వానకీ ఆ మట్టి జారిపోతోంది. వారమంతా మోకరించి దేవుణ్ణి అడిగింది. పాలకుల్ని నిలబెట్టేది దేవుడేనన్న దాంట్లో ఆమెకి ఏ అనుమానమూ లేదు. ఆయన మాత్రం ఏమీ చెప్పలేదు.

సాయంత్రం చర్చి కిటకిటలాడింది. నూనె సీసా పట్టుకుని నిలబడ్డ కృపావతి ముందు కృష్ణకాంత్ తల వంచాడు. మైకు ఆమె నోటి ముందుకొచ్చింది.

"దేవుడు నాకేం చెప్పలేదండీ."

పాస్టరుగారు మైకుని అరచేత్తో మూశారు. "పూర్వం ప్రవక్తలు రాజుల తలమీద నూనె పోయలేదామ్మా?"

"పోసి, ఆ రాజు దారి తప్పాక ఏడ్చిన ప్రవక్త కూడా ఉన్నాడయ్యా. ఆయనకైనా దేవుడు చెప్పాడు."

"ఏసోబుని తలుచుకో."

"అబద్ధం మీద పడుకోబెడితే, లేచి మళ్లీ కాలవగట్టుకే పోతాడయ్యా ఆయన."

"అయితే ఇక నూనె ముట్టుకోకు."

ఆమె సీసాని వేదిక మీద పెట్టింది. కృష్ణకాంత్ వైపు తిరిగి, "బాబూ, జ్వరమొస్తే కబురెట్టండి, వచ్చి ప్రార్థన చేస్తా" అంది. చెప్పులేసుకుని, వెనక్కి చూడకుండా కాలవగట్టు వైపు నడిచింది.

కృష్ణకాంత్ వంచిన తల ఇంకా వంగే ఉంది. దాని ముందు నూనె సీసా, బిగించిన మూత మీద సొనచేతి మరక. అది మీ చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది. మీరైతే ఆ మూత తీస్తారా?