బిల్లు చూసే మనిషి

బిల్లు తీసుకోవడం, సంచీలోకి ఒక చూపు వేయడం, చేతిలోని పంచింగ్ మిషన్‌తో బిల్లు మూలన చిల్లు పెట్టడం. ఆబిడ్స్‌లోని ఆ బట్టల షోరూం తలుపు దగ్గర కరుణాకర్ ఇరవయ్యారేళ్లుగా చేస్తున్న పని ఇదే. పల్చబడ్డ జుట్టు, కాస్త కిందికి జారిన కుడి భుజం, బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత కాయ. పెళ్లివాళ్లు మూటలతో వచ్చినా, ముసలమ్మ ఒక్క జాకెట్టు ముక్కతో వచ్చినా అతనికి ఒకటే. ముందు అనుమానం, తర్వాత నమస్కారం.

ఆ అనుమానం అతనితోపాటు ఇంటికీ వచ్చేది. బేగం బజార్ నుంచి సరుకులు తెస్తే భార్య రజని సంచీ అతని ముందు బోర్లించేది. "చూస్కో. నువ్వు చూస్తేగాని ఉప్పు గూడ ఉప్పు గాదు" అనేది. మొదట్లో కోపంగా అనేది. ఇప్పుడు నవ్వుతూ అంటోంది.

ఈమధ్య ఆ అనుమానమంతా మేస్త్రి బిచ్చయ్య మీదికి మళ్లింది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, అరవై గజాల జాగాలో కరుణాకర్ రెండు గదులు కట్టిస్తున్నాడు. గోడలు లేచాయి, స్లాబు పడలేదు. కిరాయి ఇల్లేమో దసరాకు ఖాళీ చేయాలి. అడిగితే బిచ్చయ్య ఒకసారి వాన అంటాడు, ఒకసారి కూలీలు ఊరికి పోయారంటాడు. స్లాబు కోసం దింపిన ముప్పై సిమెంటు బస్తాలు నెల రోజులుగా టార్పాలిన్ పట్టా కింద ఉన్నాయి. ఉన్నాయని బిచ్చయ్య చెప్పాడు. చెప్పడానికేం, ఎవరైనా చెబుతారు. ముందే ఆ అనుమానంతో, బస్తాలు దిగిన రోజే కరుణాకర్ కూలీలను చాయ్‌కి పంపి, ఒక్కో బస్తా మూలన, కుట్టు కింద, తన మిషన్‌తో చిల్లు పెట్టాడు. బస్తాలు మారితే ఇట్టే పట్టేయొచ్చు. తన తెలివికి తనే మురిసిపోయాడు. రజనికి కూడా చెప్పలేదు.

రెండు వారాల కిందట బిచ్చయ్య షోరూంకే వచ్చాడు. "సార్, బస్తాల సంగతి జర చెప్పాలె. హమాలీలు..." అంటూ మొదలుపెట్టాడు. ఇంతలో ఎవరో బిల్లు అందించారు. కరుణాకర్ చిల్లు పెట్టాడు. బిచ్చయ్య ఆ చిల్లునీ మిషన్‌నీ చూస్తూ నిలబడిపోయాడు.

"ఏంది మేస్త్రీ?"

"ఏం లేదు సార్. మల్ల మాట్లాడ్త."

వెళ్తున్నవాడి సంచీలోకి కరుణాకర్ చూపు పోయింది. తాపీ, దారం, అట్టపెట్టెలకు అంటించే ఖాకీరంగు టేపు చుట్ట. మేస్త్రికి టేపుతో ఏం పని? బస్తాల్లో సగం తీసి, మళ్లీ అతికిస్తున్నాడా?

నిన్న ఫోన్‌కి బిచ్చయ్య వాయిస్ మెసేజ్ వచ్చింది. "సామాన్ల గడ్‌బడ్ అయ్యింది సార్. ఓపారి వచ్చి మీ కండ్లతోటి చూడుండ్రి." కరుణాకర్ మూడుసార్లు విన్నాడు. విన్నకొద్దీ అందులో దొంగతనమే వినిపించింది. "రేపొస్త. బస్తాలు చూస్త. ఒక్కటి మారినా ఠాణాల మాట్లాడుకుందాం" అని జవాబు పంపాడు.

ఈరోజు మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పకుండానే నాంపల్లికి నడిచాడు. దారంతా ఏమేం అడగాలో, ఎలా నిలదీయాలో అనుకుంటూనే ఉన్నాడు.

బిచ్చయ్య లేడు. అతని భార్య వీరమ్మ ఇసుక కుప్ప పక్కన కూర్చుని ఉంది.

"పొద్దుగాలనే పోయిండు సార్. కాచిగూడల వేరే పని ఒప్పుకున్నడు."

"నా సిమెంటు గూడ కాచిగూడకే పోయిందా?"

వీరమ్మ లేచి పట్టా ఎత్తింది. ముప్పై బస్తాలూ చెక్కల మీద వరసగా ఉన్నాయి. ప్రతి బస్తా మూలనా ఖాకీ టేపు ముక్క ఉంది. కరుణాకర్ ఒకటి పీకాడు. కింద తను పెట్టిన చిల్లే, గుండ్రంగా ఉంది. బస్తాను వేలితో నొక్కాడు. రాయిలా ఉంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"ముందుగాల ఈ చిల్లులు హమాలీల హుక్కులతోటి పడ్డయనుకున్నడు" అంది వీరమ్మ. "టేపు కొని అన్నిటికి అతికిండు. గప్పటికే చిల్లులకెళ్లి వానగాలి సొచ్చి సెమ్మ పట్టింది. మీ దుకాన్ల మిషన్ చూసినంక సమజైంది. మనం చెప్తే సార్‌కు సిగ్గైతది, ఆయనే వచ్చి చూస్కుంటే మంచిదన్నడు. గడ్డకట్టినదాంతోటి కప్పు ఎట్లేస్తడు సార్?"

"మరి ఎందుకు పోయిండు?"

"మీరు ఠాణా అన్నరు గద."

కరుణాకర్ బిచ్చయ్యకు ఫోన్ చేశాడు. రెండుసార్లు మోగి ఆగిపోయింది.

వీరమ్మ జాగా గేటు తాళంచెవి ఇటుకల మీద పెట్టి, సంచీ భుజాన వేసుకుంది. అంత సిగ్గులోనూ అతని చూపు అలవాటుగా ఆ సంచీ మీదికే పోయింది. ఆమె ఆగింది. సంచీ నోరు తెరిచి చూపించింది. అన్నం గిన్నె, నీళ్ల సీసా, ఉతికిన తువ్వాలు. అతను వద్దని చెయ్యి ఊపేసరికే ఆమె సందు మలుపు దాటింది.

బస్తాల మీద టేపు చుట్ట మిగిలింది. మళ్లీ వాడేవాళ్లు వెతుక్కోకుండా, బిచ్చయ్య దాని కొసను కాస్త మడిచిపెట్టి వెళ్లాడు.