ఊరికే వదిలేసిన మడి

ల్యాబులో నమూనాలు పరీక్షించే ఆమె ఆ అంకెల్ని మూడోసారి చూసి కుర్చీలో వెనక్కి వాలింది.

పోయిన వానాకాలం రేవులో గొట్టం పగిలి తీరం పొడుగునా చమురు పేరుకుంది. పైపైది ఎత్తేశారు గానీ బురదలోకి ఇంకింది అలాగే ఉండిపోయింది. చమురును తిని బతికే బ్యాక్టీరియాను పెంచి, ఆ బురదలో కలిపి చూసే పని ఈమెకు అప్పగించారు. తీరంలో తాళ్లు కట్టి, ఒక్కోటి మంచమంత, రెండు మడులు చేశారు. ఎడమ మడిలో వారానికోసారి బ్యాక్టీరియా నీళ్లు పోయాలి. తేడా తెలియడానికి కుడి మడిని ఊరికే వదిలెయ్యాలి.

నాలుగు నెలలు చంటిబిడ్డకు పాలు పట్టినంత శ్రద్ధగా పోసింది. తీరా చూస్తే ఎడమ మడిలో చమురు మూడోవంతే తగ్గింది. ఊరికే వదిలేసినదాంట్లో సగానికి పైగా మాయమైంది!

సీసాల మీద చీటీలు తారుమారయ్యాయేమో అనుకుని మళ్లీ బురద తెచ్చి పరీక్షించింది. అవే అంకెలు. పొరపాటున తనే కుడివైపు పోస్తూ వచ్చిందా? కుడి ఎడమల మీద నమ్మకం ఎంత పోయిందంటే, చెప్పులు వేసుకుంటూ కూడా ఒకసారి ఆగి చూసుకుంది.

"అందరూ శాకాహారులే, మరి రొయ్యల బుట్ట ఏమైనట్టు?" అంది పై అధికారిణి. "మనం పోసినవి తినకపోతే ఎవరు తిన్నారమ్మా?"

ఆదివారం అక్క ఇంటికి వెళ్లి ఈ గోడంతా వెళ్లబోసుకుంది. బావ తీరంలో గుల్లలు తవ్వి అమ్మేవాడు. చమురు పడ్డప్పటి నుంచి పని లేదు. మరదలి మాటలు వింటూ వింటూ అతను చెయ్యి కడుక్కోవడానికి లేచి, కుళాయి దగ్గరే ఉండిపోయాడు.

"ఏంటయ్యా, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నావు?" అంది అక్క.

"ఆ కుడి పక్కదేనా?" అన్నాడు బావ, వెనక్కి తిరక్కుండానే. "దాన్ని రోజూ తెల్లారే కాస్త తిరగేస్తున్నా."

"ఎందుకు బావా!"

"ఇంట్లో కూర్చోలేక అలవాటు కొద్దీ గుల్లలు తవ్వే దంతె పట్టుకుపోయేవాణ్ణి. ఎడమదానికి నువ్వు ఏదో పోస్తున్నావు. ఇది పాపం ఎవరికీ పట్టనట్టు పడుంది. గాలి తగలకపోతే బురద చచ్చిపోతుందని మా నాన్న అనేవాడు."

"బోర్డు పెట్టాం కదా?"

"లోపల అడుగు పెట్టకూడదనే కదా ఉంది? నేను తాడు బయటే నిలబడ్డా. నా దంతె కర్ర పొడుగు."

అతను తిరగేసిందంతా పోటు వచ్చి చదును చేసేసేది. అందుకే ఆమెకు ఎప్పుడూ అనుమానం రాలేదు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చమురు తినేవి ఆ బురదలో ముందే ఉన్నాయన్నమాట. గాలి చాలక ముడుచుకుని కూర్చున్నాయా? అయితే తను పోసినవి దండగా? వాటికీ గాలి అందితే ఇంకా బాగా తినేవా? బావను తిట్టాలా, దండం పెట్టాలా?

మర్నాడు అధికారిణికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుంది.

"ఇది చెడిపోయిన ప్రయోగమా, బాగుపడ్డదా?"

"నాకూ అర్థం కావడం లేదు మేడం."

ఈసారి నాలుగు మడులు చేశారు. పోసి తిరగేసేది, పోసి ఊరుకునేది, పోయకుండా తిరగేసేది, ఏమీ చెయ్యనిది. తిరగేసే పనికి బావకు జీతం ఇచ్చారు. నాలుగోదాన్ని ముట్టుకోనని ఆమె అతని చేత మాట తీసుకుంది. ఆ మాట ఇవ్వడమే అతనికి అన్నిటికన్నా కష్టమైంది.

మూడు నెలలకు లెక్క తేలింది. తిరగేసిన రెండింట్లోనూ చమురు బాగా తగ్గింది, అదీ దాదాపు సమానంగా. అధికారిణి అడిగింది, "మరి మన బ్యాక్టీరియా చేసిందేమిటి?"

ఆమె నివేదికలో "ఇంకా తెలియదు" అని రాసింది. ఇంత చదువుకుని ఆ మాట రాసినందుకు సిగ్గుపడాలో వద్దో కూడా ఆమెకు తెలియలేదు. సంతకం మాత్రం పెట్టింది.