కాజాలు ఆరబెట్టిన సారె

గోదారి గట్టు తెగి వరద మా వీధిలోకి వచ్చిన మరుసటి ఏడు సంగతి ఇది. నేను ఒక సారెను. కుండలు చేసే చక్రాన్ని. వడ్రంగి తుమ్మకర్రతో నన్ను చేశాడు. బరువు కోసం అంచు చుట్టూ మట్టీ కొబ్బరిపీచూ కలిపి మెత్తారు. కర్ర పెట్టి ఒకసారి తిప్పితే కుండ లేచేదాకా తిరుగుతాను. మనుషులైతే ఒక్క మాట అంటే ఏడాదంతా తిరుగుతారు.

వరదకి కుండలు కాల్చే ఆవం కరిగిపోయింది. నన్ను వాడే కుమ్మరి కోటయ్య విసిగిపోయి ఇటుకల బట్టీలో పనికి కుదిరాడు. నన్ను నూకరాజుకి ఇచ్చేశాడు. నూకరాజు రైసుమిల్లులో కాటా వేసేవాడు. కుర్రతనం నుంచీ పని దిగగానే కోటయ్య దగ్గర కూర్చుని మట్టి పిసికేవాడు. పెళ్ళిచూపులకి కూడా గోళ్ళలో మట్టితోనే వచ్చాడని భార్య మంగమ్మ ఇప్పటికీ అంటుంది. మిల్లు మానేశాక ఆవం మళ్ళీ కట్టి కుండల కొట్టు పెడతానన్నాడు.

"పెట్టండి," అంది మంగమ్మ. "దసరా దాకా చూస్తాను. కుండ కోసం కుండ కొనేవాళ్ళు ఒక్కళ్ళూ రాకపోతే ఆ చక్రం నా పొయ్యిలోకే."

నూకరాజు తలూపాడు. నాకు ఊపడానికి తల లేదు.

పెయింటరు బోర్డు రాశాడు: 'నూకరాజు గారి సారె. ఆర్డర్లు తీసుకోబడును.' అది ఆరకముందే ఒక ఆటో ఆగింది. భ్రమరాంబ అనే ఆవిడ దిగింది.

"మా అమ్మాయిని అత్తారింటికి పంపుతున్నామండి. సారె ఐదు కావిళ్ళు కావాలి. కాజాలు గట్టిగా ఉండకూడదు."

నూకరాజు నన్ను చూపించాడు. "మా సారె ఇదేనండి."

ఆవిడ నా చుట్టూ తిరిగి చూసింది. "ఇది పంపితే మా వియ్యపురాలు పిల్లని దీనిమీదే కూర్చోబెట్టి తిప్పుద్దండి."

ఆ వారం అలాంటివాళ్ళు ఇంకా వచ్చారు. ఎవరికీ కుండలు కనపడలేదు. లోపల్నుంచి వింటున్న మంగమ్మ మూకుడు పెట్టింది.

"బోర్డు మార్చకండి. కాజాలు నేను వేస్తాను. మీ కుండల్లో సర్ది పంపుదాం."

మొదటి ఐదు కావిళ్ళూ భ్రమరాంబ వాళ్ళకే వెళ్ళాయి. కొట్టు నిలబడింది. ఊళ్ళో వాళ్ళు కాజా ఒకటి నోట్లో వేసుకుని నూకరాజు కళాకారుడన్నారు. అతని కుండలు అత్తారిళ్ళకి వెళ్ళి, ఖాళీ అయ్యి, పెరటి గోడ పక్కన పడేవి.

"మీ కుండలూ అమ్ముడుపోతున్నాయిగా," అనేది మంగమ్మ.

"కుండ కోసం కాదుగా," అనేవాడు నూకరాజు. రోజు మొత్తానికి అతని మాట అదొక్కటే.

గిరాకీ పెరిగింది. నూకరాజుకి మట్టి ముట్టే తీరిక పోయింది. కుండల బదులు ప్లాస్టిక్ డబ్బాలొచ్చాయి. నామీద గుడ్డ పరిచి కాజాలు ఆరబెట్టారు. నా విలువ ముందుగా చీమలు గుర్తించాయి.

దసరా ముందురోజు సాయంత్రం భ్రమరాంబ వియ్యపురాలు స్వయంగా వచ్చింది.

"ఆ కాజాలు మీరే చేశారామ్మా? మా మావయ్యగారి కట్టుడుపళ్ళు ఊడొచ్చేశాయి."

మంగమ్మ నామీది కాజాల మీద గుడ్డ కొస కప్పింది.

"ఆ కాజాలు వచ్చిన కుండలో పెరుగు తోడెడుతున్నాను. గరిటె నిలబడుతోంది. పెద్దది ఒకటి, చిన్నవి రెండు ఇవ్వండి."

"కాజాలు ఎన్ని సర్దమంటారు?" అంది మంగమ్మ.

"కుండలే ఇమ్మంటున్నాను. అందులో ఏమీ పెట్టకండి."

కొట్లో ఒక్క కుండా లేదు. "పదిహేను రోజులు ఆగండి, చేసి, కాల్చి, నేనే తెచ్చిస్తాను," అన్నాడు నూకరాజు. అంత పొడుగు మాట అతని నోట నేనెన్నడూ వినలేదు.

మర్నాడు పొద్దున్నే కాజాల గుడ్డ నాలుగు కొసలూ పట్టి ఎత్తి తన మంచం మీద పెట్టాడు. తడిగుడ్డతో నామీది పాకం తుడిచాడు. రాత్రి నానేసిన మట్టి తొక్కి, ముద్ద చేసి నా నడుమ పెట్టాడు.

"మరి ఇవెక్కడ ఆరబెట్టను?" అంది మంగమ్మ గుమ్మంలోంచి.

నూకరాజు కర్ర పెట్టి నన్ను తిప్పాడు.