ఎవరి పేరు మీదా లేని సైకిల్

పొద్దున్నే ఐదున్నరకి పరమట్టా పార్కులో నది మీద మంచు కదలకుండా పడుకుని ఉంటుంది. వీణ ఆ మంచులోకి సైకిల్ తొక్కుకుంటూ వెళ్లిపోతుంది. ముందు చక్రం దాటి ఏమీ కనపడదు. ఎక్కడో మాగ్‌పై పిట్టలు పాడుతుంటాయి, ఏ చెట్టు మీదో తెలియదు. కాసేపటికి తొక్కుతున్నది తనేనన్న సంగతి కూడా మరుపున పడుతుంది. వెస్ట్‌మీడ్ ఆస్పత్రిలో నర్సునని, మధ్యాహ్నం డ్యూటీ ఉందని, వయసు ముప్పయి ఆరని, ఏదీ గుర్తుండదు. ఆ గంట కోసమే తను బతుకుతోందేమోనని వీణకి ఒక్కోసారి అనిపిస్తుంది.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆ సైకిల్ ఆమెది కాదు.

పన్నెండేళ్ల కిందట వాసుదేవరావు అనే విద్యార్థి దాన్ని ఎవరో ముసలాయన గరాజ్ ముందు అమ్మకానికి పెడితే కొన్నాడు. రసీదు లేదు, ముసలాయన పేరూ అడగలేదు. తర్వాత ఉద్యోగం వచ్చి కారు కొనుక్కున్న రోజున, మన దేశం నుంచి కొత్తగా దిగిన సుబ్బుకి సైకిల్ ఇచ్చేశాడు. సుబ్బు ఇంకొకరికి ఇచ్చాడు. అలా ఓ నియమం పుట్టింది. పైసా తీసుకోకూడదు, కారు కొన్న రోజునే కొత్తగా వచ్చినవాళ్లకి ఇచ్చేయాలి. ఒకరు బెల్లు పెట్టించారు, ఒకరు ముందు బుట్ట బిగించారు, ఇంకెవరో హ్యాండిల్‌కి ఎర్రదారం కట్టారు. వీణ తొమ్మిదో మనిషి.

వీణ కారు కొని పద్నాలుగు నెలలైంది. సైకిల్ మాత్రం ఇంకా ఆమె బాల్కనీలోనే ఉంది. ఎవరూ అడగలేదు. అడగరని ఆమెకి తెలుసు. లక్ష మాటలు మాట్లాడే మనవాళ్లకి ఇలాంటి చోట ఎక్కడలేని మొహమాటం ముంచుకొస్తుంది.

అంతలో ప్రభుత్వం వారి ప్రతిపాదన ఊడిపడింది. కార్లకి ఉన్నట్టే సైకిళ్లకీ ఏటా రిజిస్ట్రేషన్, దానికో ఫీజు, వెనకాల ఒక నంబరు. ఫారంలో ఓనర్ పేరు రాయాలి. ఆ సైకిల్ తనదేనని సంతకం పెట్టాలి. పాత సవారీదారులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. లైబ్రరీ హాల్లో శనివారం అభిప్రాయాలు వింటారట, ఎవరైనా వెళ్లి వ్యతిరేకించాలన్నారు.

"వీణక్కే వెళ్లాలి. సైకిల్ ఇప్పుడు తన దగ్గరే ఉంది కదా," అని సుబ్బు రాశాడు. మామూలుగానే రాశాడు. అయినా వీణకి చెవులు వేడెక్కాయి.

శుక్రవారం పొద్దున భర్త జశ్వంత్ దోసె తిరగేస్తూ నవ్వాడు. "ఇంత హడావుడెందుకు వీణా? రూల్ వస్తే రానీ. రెజో ఫీజు కట్టేసి నీ పేరు మీద పెట్టించేయ్. లీగల్‌గా నీదైపోతుంది. ఇక ఎవడడుగుతాడు?"

"ఊరుకో, అదేం మాట," అంది వీణ.

కానీ ఆ మాట లోపల దిగిపోయింది. ఆ రోజంతా మందులిస్తూ, సెలైన్లు మారుస్తూ కల కంటూనే ఉంది. సైకిల్ వెనకాల నంబరు, కాయితం మీద తన పేరు, ముందు ఎప్పటికీ విడిపోని తెల్లటి మంచు. సిగ్గుపడాల్సిన కల. సిగ్గుపడింది కూడా. అయినా అది తియ్యగానే ఉంది, ఏం చేస్తుంది!

శనివారం హాలు గుమ్మంలో సింధుజ ఎదురైంది. కరీంనగర్ నుంచి వచ్చి రెండు నెలలైన పిల్ల. పొద్దున ఐదింటికి బేకరీలో పని, తర్వాత యూనివర్సిటీలో క్లాసులు. ఆ వేళకి బస్సు ఉండదు.

"అక్కా, నీకు చప్పట్లు కొట్టనీకి వచ్చిన!"

నర్సు కళ్లు ముందు ఆమె మడమ మీదికి పోయాయి. బ్యాండేజీ మీద రక్తం మరక ఉంది.

"ఏమైందే?"

"ఏం లేదక్కా. పొద్దున యాభై నిమిషాలు నడుస్త కదా, షూస్ కొరికినయ్. అలవాటైతది."

వీణ లోపలికెళ్లి కూచుంది. పేరు పిలిచారు, లేచింది. ఇంగ్లీషులో బాగానే చెప్పింది. ముసలాయన సంగతి, తొమ్మిది మంది సంగతి, కారు కొన్న రోజున ఇచ్చేయాలన్న నియమం సంగతి. అలాంటి సైకిల్‌కి ఓనర్ పేరు ఏం రాయమంటారని అడిగింది. హాలంతా చప్పట్లు కొట్టింది.

అధ్యక్షురాలు తెల్లజుట్టు పెద్దావిడ. ముచ్చటపడిపోయింది. "ఎంత బాగుంది! ఇవాళ దాని మీదే వచ్చారా?"

"లేదండీ, నా కార్లో వచ్చాను," అంది వీణ.

మొదట వెనక వరసలో ఎవరో నవ్వారు. తర్వాత పెద్దావిడకీ అర్థమై, పాపం, తల దించుకుని కాయితాలు సర్దుకుంది. సింధుజ ఒక్కతే నవ్వలేదు.

వీణకి నేల చీలిపోతే బాగుండుననిపించింది. కూచోబోయింది, కూచోలేకపోయింది.

"పద్నాలుగు నెలల కిందటే ఇచ్చేయాల్సింది. ఇవ్వలేదు. ఇష్టం వదల్లేదు, అంతే. మీ ఫారం నా చేతికొచ్చి ఉంటే నిన్ననే నా పేరు రాసేసుకునేదాన్ని. చట్టం కూడా అది నాదేననేది. అప్పుడు నన్ను ఎవరూ ఏమీ అనలేరు, ఆ వెనకాల కూచున్న అమ్మాయి నడుస్తూనే ఉంటుంది. ఆ ఫారం నాలాంటివాళ్ల కోసం తయారుచేశారండీ. అందుకే వద్దంటున్నాను."

ఈసారి చప్పట్లు లేవు. పెద్దావిడ మాత్రం ఏదో చాలాసేపు రాసుకుంది. నిర్ణయం ఏ సంగతీ రెండు నెలల్లో చెబుతామన్నారు.

ఆ సాయంత్రం వీణ సైకిల్ కిందికి దింపింది. గాలి కొట్టింది, చైన్‌కి నూనె వేసింది, వెనక బ్రేకు కాస్త ముందుగా పట్టుకోవాలని చెప్పింది. తన వంతుగా చక్రానికి చిన్న లైటు బిగించింది. సింధుజ ఎక్కి రెండు గజాలు వంకరటింకరగా పోయి, తిన్నగా అయి, వీధి చివర గుండ్రంగా తిరిగొచ్చింది. మొహం వెలిగిపోతోంది. అది చూసి వీణకి సంతోషమూ కలిగింది, ఏడుపూ వచ్చింది.

"అక్కా, నాకు ఆదివారాలు పనుండదు. నీకు నది కాడ తొక్కబుద్ధయితే చెప్పు, తెచ్చిస్త."

వీణ హ్యాండిల్ మీది నుంచి చెయ్యి తీసేసింది.

"వద్దమ్మా," అంది. "నేను అడిగినా ఇవ్వకు."