ఇసుక కింది గొంతు

టిక్.

కాకి ముక్కుతో రేకు మీద పొడిచినట్టు— టిక్. ఆగి... మళ్ళీ టిక్.

చప్పుడు కంప్యూటర్ హార్డ్ డిస్కుది. అరచేతిలో ఇమిడే నల్ల పెట్టె. ఊరి రేడియో గదిలో ఎర్రదుమ్ము తిని తిని చావుకు దగ్గరపడింది. దానిలో క్లారీ భార్య గొంతు ఉంది.

ఆమె పోయి రెండు ఎండాకాలాలు.

రేడియోలో చెలమల కథలు చెప్పేది. ఏ ఎండిన ఏట్లో ఎక్కడ తవ్వితే నీరో... మొదట ఎవరి తాత తవ్వాడో...

క్లారీ వాళ్ళ ఎడారి జనం పోయినవాళ్ళ పేరు పలకరు. గొంతు వినరు. అయినవాళ్ళంతా కూడి "ఇక చాలు" అనేదాకా. అప్పటికి క్లారీ ఉంటాడో, ఉండడో.

ఆ గొంతు ఇప్పుడు వినడానికి కాదు.

ఇసుక కింద నీరున్నట్టు— ఉంటే చాలు.

అందుకే మరదలు డల్సీ కారు నడపగా, తెల్లవారుతూనే బయలుదేరి ఆలిస్ పట్నం వచ్చాడు.

డిస్కులు బాగుచేసే గ్రేమ్ ఈ ఎడారికి కొత్త. డిస్కుకు చెవి ఆనించాడు.

"ఎక్కువసేపు తిరగదు, పెద్దాయనా. కావలసింది ముందు వేరే డిస్కులోకి లాగుతా. ఎవరి పేరు మీద ఉంది?"

క్లారీ నేలకేసి చూశాడు.

"కుమంజాయి," అంది డల్సీ.

గ్రేమ్ తెర మీద వెతికాడు. "ఆ పేరు లేదే."

"ఎందుకుంటుందయ్యా? పోయినవాళ్ళందరినీ మేం అలాగే అంటాం."

"మరి అసలు పేరు?"

"బావనడుగు. కాపురం చేసింది ఆయన."

"నీ అక్క కాదూ? నువ్వే చెప్పు," అన్నాడు క్లారీ.

"నేనా? మా మేనత్తలు నా వీపు మీద కర్రలు విరగ్గొడతారు. నీదంటే ముసలి వీపు, జాలిపడి వదిలేస్తారు."

"పోనీ, ఇందులో పేర్లు నేనే చదువుతా. ఆమెది రాగానే తలూపండి," అన్నాడు గ్రేమ్.

క్లారీ చెయ్యెత్తాడు. "వద్దు. నీ నోటా వద్దు."

వేలితో చూపిద్దామంటే, ఇద్దరికీ అక్షరాలు రావు.

"మొదటి నుంచీ తీస్తే ఆమె దాకా రాకముందే ఆగిపోవచ్చు," అన్నాడు గ్రేమ్, మెల్లగా.

డల్సీ లేచింది. వీధిలోకి నడిచింది. తలుపు దగ్గరగా వేసింది— తాను వినకుండా.

పేరు క్లారీ నాలుక కింద ఉంది. రెండు ఎండాకాలాలుగా అక్కడే ఉంది.

పలికితే గొంతు దక్కుతుంది.

పలికితే ఆమె నడిచే దారిలో ఆగుతుంది. "ఎవరు పిలిచారు?" అని వెనక్కి తిరుగుతుంది. నీడలేని చోట, ఒక్కతే నిలబడిపోతుంది...

పెదవులు విడివడ్డాయి.

మూసుకున్నాయి.

"మొదటి నుంచే తియ్యి," అన్నాడు.

ఎవరివో పేర్లు. ఎవరివో గొంతులు. తెర మీద ఒక్కొక్కటీ దాటుతున్నాయి. క్లారీ చూడడం లేదు. కళ్ళు మూసుకుని, ఏట్లో మోకాళ్ళ మీద కూర్చుని చెలమ తవ్వేవాడిలా... పొడి ఇసుక. ఇంకా పొడి ఇసుక. తడి తగలలేదు.

టిక్.

ఆగింది.

ఊపిరి బిగబట్టాడు.

...టిక్.